పెరటిలో కొయ్యగది

తోట మూలలో చిన్న దుంగల ఇల్లు నిలుపుకోవాలని ముచ్చటపడేవారు కేటలాగు తెరిచేముందు తెలుసుకోదగిన విషయాలు

ఇంటిలోనే ఉంటూ ఇంటికి కాస్త ఎడంగా ఉండాలనే కోరిక మనిషికి చాలా పాతది. సుప్రసిద్ధ నాటకకర్త జార్జి బెర్నార్డ్ షా ఇంగ్లండులోని తన ఇంటి తోట చివర ఒక చెక్కగది ఏర్పాటు చేసుకొని అందులో కూర్చుండి రాసేవాడు. ఒక బల్ల, ఒక కుర్చీ, నడుం వాల్చేందుకు ఒక చిన్న పడక పట్టేటంత గది అది. సూర్యుడు ఎటు తిరిగితే అటు తిప్పుకోవడానికి వీలుగా ఇరుసు మీద నిలిపారు. దానికి ఆయన పెట్టుకొన్న పేరు "లండన్". ఎవరైనా పనిలేని పెద్దమనిషి తలుపు తట్టితే, "అయ్యగారు లండన్‌లో ఉన్నారు" అని చెప్పి పంపివేసేవారట. అబద్ధమాడిన దోషం లేదు, వచ్చినవాడికి చిన్నబుచ్చుకొనే అవకాశమూ లేదు!

ఇంగ్లీషు సాహిత్యం చదువుకొన్నవారికి ఇంకొక గది కూడా గుర్తుకు వస్తుంది. 1845లో హెన్రీ డేవిడ్ థోరో అమెరికాలో వాల్డెన్ చెరువు ఒడ్డున తన చేతులతో కట్టుకొన్న ఇల్లు. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అని పైసలతో సహా లెక్క రాసిపెట్టుకొన్నాడు. చాలామంది దానిని దుంగల ఇల్లనే ఊహించుకొంటారు. కాని అది దుంగలు పేర్చి కట్టినది కాదు. నిలువు గుంజలు, అడ్డ దూలాలు కలిపి చట్రం నిలిపి, దానిమీద పలకలు కొట్టిన ఇల్లు. పలకలు సైతం కొత్తవి కావు. రైలుదారి పనిచేసే ఒక ఐరిష్ కూలీ గుడిసెను నాలుగు డాలర్ల పాతిక సెంట్లకు కొని, విప్పి, ఎండబెట్టి వాడుకొన్నాడు. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతాను. మన దేశంలో, మన వానల్లో, పెరటిలో కొయ్యగది నిలుపుకోదలచినవారికి థోరో చేసిన ఈ రెండు పనులూ, అంటే చట్రం కట్టడం, పాత కర్ర వాడటం, నేటికీ పనికివచ్చేవే.

"లాగ్ క్యాబిన్" అనే మాటను తెలుగులోకి తేవడం మా అనువాదకులకు ఎప్పుడూ చిక్కే. "గుడిసె" అంటే పేదరికం వాసన కొడుతుంది. "కుటీరం" అంటే జింకలు, ఋషిపత్నులు ప్రత్యక్షమవుతారు. "దుంగల ఇల్లు" అంటే అర్థం సరిపోతుంది గాని, ఇప్పుడు ఆ పేరుతో బజారులో అమ్ముడుపోయే వస్తువులో దుంగలు ఉండవు! అందుకే ఈ వ్యాసంలో "కొయ్యగది" అంటాను.

సూరత్ నగరానికి ఆగ్నేయపు అంచున, డిండోలీకి ఆనుకొని నవాగామ్ అనే పేట ఉన్నది. గుజరాతీలో ఆ మాటకు "కొత్త ఊరు" అని అర్థం. మన కొత్తపల్లి, కొత్తూరు వంటిదే. లింబాయత్, డిండోలీ, నవాగామ్ వీధులలో నడుస్తూంటే తెలుగు మాట వినపడటం వింత కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మగ్గం వృత్తిని నమ్ముకొని తరలి వెళ్ళిన నేతకుటుంబాలు అక్కడ స్థిరపడినాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపింది. ఇళ్ళు చిన్నవి. మరమగ్గాల హోరు పగలనక రాత్రనక గోడలలోనుంచి వినిపిస్తూనే ఉంటుంది. అటువంటి చోట పెరడు ఉండటమే ఒక భాగ్యం. ఒక కరివేపాకు చెట్టు, ఒక బొప్పాయి, బట్టలారేసే తీగ, పక్కన పదడుగుల ఖాళీ నేల.

ఆ పదడుగుల నేల గురించే ఒక పెద్దాయన నన్ను సలహా అడిగాడు. ఒక పనిమీద సూరత్ వెళ్ళినప్పుడు తెలిసినవారి ఇంట పరిచయమైనాడు. కరీంనగర్ వైపు నుంచి యువకుడిగా వచ్చి, మగ్గాల మీద నలభై ఏళ్ళు గడిపి, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న మనిషి. మనుమరాలు పన్నెండో తరగతి. రెండు గదుల ఇంట్లో ఏడుగురు. పిల్ల చదువుకొనేందుకు ఒక చిన్న గది కావాలి. ఎవరో ఒక విదేశీ కేటలాగు తెచ్చి ఇచ్చారు. మంచుకొండల ముందు పసిడిరంగులో మెరిసిపోయే దుంగల ఇళ్ళ బొమ్మలు. ముక్కలుగా పెట్టెలో వస్తుంది, రెండు రోజులలో బిగించవచ్చునని రాసి ఉన్నది. ధర మాత్రం ఆయన పొదుపులో సగాన్ని మింగేటట్లున్నది. ఇంగ్లీషు చదివి చెప్పమని నా చేతికిచ్చాడు. నేను చదువుతూంటే మధ్యలో ఆపి, "సారూ, మా నాయిన మగ్గం గుంజలు టేకువి. గంజిల నానినా, వానల తడిసినా పుచ్చలేదు. గీ బొమ్మల ఉన్నది ఏం కర్ర? గది చెప్పుండ్రి ముందుగాల" అన్నాడు.

కేటలాగు మొత్తంలో అడగవలసిన ప్రశ్న అదే. సమాధానం మాత్రం కేటలాగులో చిన్న అక్షరాలలో, ఆఖరి పుటలో ఉన్నది: పైన్.

చలిదేశపు బిడ్డ

దుంగల ఇల్లు పుట్టింది ఉత్తర ఐరోపాలోని శంఖాకార వృక్షాల అడవులలో. ఆ చెట్లు నిటారుగా, కొమ్మలు లేకుండా, ఇంచుమించు ఒకే లావున పెరుగుతాయి. నరికి, కొనల దగ్గర గాడి తీసి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చుకొంటూ పోతే గోడ లేస్తుంది. మేకులు కూడా అక్కరలేదు. 1638లో అమెరికాలోని డెలవేర్ లోయకు వలసవెళ్ళిన స్వీడిష్, ఫిన్నిష్ ప్రజలు ఈ విద్యను తమ వెంట తీసుకుపోయారు. తరువాత అది అమెరికా పల్లెసీమకే గుర్తుగా మారింది.

దుంగల గోడకు ఒక స్వభావం ఉన్నది. కర్ర ఆరినకొద్దీ కుదించుకుపోతుంది. నిలువున, అంటే చెట్టు పెరిగిన దిశలో, ఆ కుదింపు లెక్కలోనిది కాదు. అడ్డంగా మాత్రం ఎక్కువ. దుంగలన్నీ అడ్డంగా పేర్చినవే కాబట్టి గోడ ఎత్తే తగ్గిపోతుంది. పచ్చిదుంగలతో కట్టిన గోడ అడుగు ఎత్తుకు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా కుంగుతుందని అనుభవజ్ఞుల లెక్క. ఎనిమిదడుగుల గోడ నాలుగు నుంచి ఆరు అంగుళాలు దిగుతుందన్నమాట. అందుకే అక్కడి వడ్రంగులు తలుపు, కిటికీల చట్రాల పైన ఖాళీ వదిలి పెడతారు. ఆ సంగతి తెలియనివాడు కడితే ఏడాది తిరిగేసరికి తలుపు తెరుచుకోదు.

చలిదేశంలో కర్ర ఒకసారి ఆరితే చాలామటుకు ఆ స్థితిలోనే నిలుస్తుంది. మనకు అలా కాదు. సూరత్‌లో ఏటా సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఏప్రిల్, మే నెలల్లో పెళపెళలాడేలా ఎండిన కర్ర జూలైలో ఉబ్బుతుంది, నవంబరుకు మళ్ళీ కుంచించుకుపోతుంది. ఏడాదికొకసారి ఊపిరి పీల్చి వదిలినట్లు! పలకల సందులు ఒకప్పుడు మూసుకుపోతాయి, ఒకప్పుడు విచ్చుకొంటాయి. మగ్గం చట్రంతో సహవాసం చేసినవారికి ఇది కొత్త విషయం కాదు.

ఇంతకూ తోటల కోసమని అమ్మే కొయ్యగదులలో గోడ మందం ఎంత? 28, 34, 44 మిల్లీమీటర్లు. అంగుళం నుంచి అంగుళంముప్పావు పలకలు, అంచులు ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు కోసినవి. దుంగ అనేది పేరులోనే! అయితే వాటిని తీసిపారేయనక్కరలేదు. కర్రగుండా వేడి చాలా మందంగా ప్రవహిస్తుంది. అంగుళంముప్పావు మందం గల పైన్ పలక, వేడిని అడ్డుకోవడంలో దాదాపు తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు సాటి వస్తుంది. తేడా మరొకచోట ఉన్నది. ఇటుక గోడ బరువైనది. పగలంతా మెల్లగా వేడెక్కి, రాత్రి ఆ వేడిని తీరికగా వదులుతుంది. చెక్కగోడ తేలికైనది. ఎండ తగిలిన గంటకే గది వేడెక్కుతుంది, ఎండ దిగిన గంటకే చల్లబడుతుంది. కాబట్టి మే నెల మిట్టమధ్యాహ్నం నిద్రపోయేందుకు కొయ్యగది కోరుకొనేవారు నిరాశపడతారు. తెల్లవారుజామున, సాయంత్రం దీపాల వేళ చదువుకొనే పిల్లకు అంతకంటె హాయైన గది ఉండదు. ఏ వేళ వాడుకొంటామన్నది మొదట నిర్ణయించుకొంటే సగం ఎంపిక పూర్తయినట్లే.

కామేశంగారి మందు

పైన్ కర్ర మెత్తన, తేలిక, చవక. మన చెదలకు అది విందు భోజనం. మరి ప్రపంచమంతటా తోటల్లో, వీధుల్లో, విద్యుత్తు స్తంభాలుగా అది ఏళ్ళ తరబడి ఎలా నిలుస్తున్నది? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే ఒక తెలుగు ఇంటిపేరు ఎదురవుతుంది.

1906లో డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ ఏర్పడింది. రైలు పట్టాల కింద వేసే చెక్కలు, తంతి స్తంభాలు చెదపట్టిపోకుండా కాపాడటం ఆనాడు పెద్ద సమస్య. ఆ సంస్థలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు శొంఠి కామేశం 1933లో ఒక మందు రూపొందించాడు. మైలుతుత్తం, పాషాణపు లవణం, క్రోమియం లవణం, ఈ మూడింటి మిశ్రమం అది. మైలుతుత్తంలోని రాగి బూజును చంపుతుంది. పాషాణం చెదలను చంపుతుంది. ఈ సంగతులు అంతకుముందూ తెలిసినవే. కాని వాన పడగానే మందు నీటిలో కరిగి కొట్టుకుపోయేది. కామేశం ఆలోచన అంతా మూడవ వస్తువులో ఉన్నది. క్రోమియం, కర్రలోని నారతో కలిసి, మిగిలిన రెండింటినీ అక్కడే కట్టిపడవేస్తుంది. ఆరిన తరువాత ఎంత వాన కురిసినా అవి చాలామటుకు కదలవు. పాషాణం, రాగి మూలకాల రసాయన సంకేతాలు కలిపి దానికి "ఆస్కూ" అని పేరు పెట్టారు. 1938లో అమెరికాలో కూడా పేటెంటు లభించింది. తరువాతి అర్ధశతాబ్దంలో ప్రపంచమంతటా ఆకుపచ్చ ఛాయ గల కర్ర ఎక్కడ కనిపించినా అది ఈ మందు చలవే. వీధి చివర కరెంటు స్తంభాన్ని నిలబెట్టినవాని పేరు మన పాఠ్యపుస్తకాలకు ఎక్కకపోవడం విచారకరం.

కథలో రెండవ భాగం కూడా చెప్పుకోవాలి. మందులో ఉన్నది పాషాణం. పిల్లలు ఆడుకొనే చోట, చేతులు రాసుకొనే చోట, ఆ కర్ర నుంచి కొంచెం కొంచెంగా అది మట్టిలోకి, చేతికి అంటే ప్రమాదం ఉన్నదని ఆందోళన బయలుదేరింది. ఆ కారణంగా 2003 డిసెంబరు ఆఖరుతో అమెరికాలో నివాసాల వాడకం కోసం ఆ మందు పట్టించడం చాలామటుకు మానివేశారు. ఇప్పుడు అటువంటి పనులకు పాషాణం లేని, రాగి ప్రధానమైన మందులు వాడుతున్నారు.

కాబట్టి మందు పట్టించిన కర్ర కొనేటప్పుడు మూడు సంగతులు నిలదీసి అడగండి. ఏ మందు? ఒత్తిడితో లోపలికి ఎక్కించారా, లేక కుంచెతో పైపైన పూశారా? కోసిన చివర చూపించగలరా? ఒత్తిడితో ఎక్కించిన కర్రను అడ్డంగా కోస్తే రంగు లోతుగా కనిపిస్తుంది. కుంచెతో పూసినది గోరు మందం కూడా దిగదు. బిగించేటప్పుడు రంపంతో కోసిన ప్రతి కొనా మళ్ళీ మందు లేని పచ్చి కొనే. ఆ చోట విధిగా మందు పూయాలి. పాషాణపు మందు పట్టించిన కర్ర మిగిలిన ముక్కలను పొయ్యిలో మాత్రం పెట్టకూడదు. ఆ పొగలో, ఆ బూడిదలో విషం ఉంటుంది. మన ఇళ్ళలో కర్రముక్క వృథా పోవడం ఎవరికీ ఇష్టముండదు కనుక ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తున్నది.

వాడేసిన ఇంజను నూనె పూస్తే చెద పట్టదని కొందరు వడ్రంగులు అంటారు. కొన్నాళ్ళు వాసనకు దూరంగా ఉంటుందేమో! గది నిండా మండే నూనె పూసుకొని అందులో పిల్లను కూర్చోబెట్టడం మాత్రం నాకు నచ్చలేదు.

టేకు ముక్క చివర చూడండి

పెద్దాయన చూపు మొదటినుంచీ టేకు మీదనే. అందుకు సూరత్ కంటే తగిన చోటు లేదు కూడా. నగరానికి ఆగ్నేయాన డాంగ్స్ అడవులు ఉన్నాయి. ఆ టేకును కిందికి దించేందుకే బిలిమోరా నుంచి వఘయి దాకా సన్నరైలు మార్గం వేశారు. బరోడా సంస్థానాధీశులైన గాయక్వాడుల కాలపు మార్గమది, 1913 నాటిది. "వల్సాడీ సాగ్" అంటే గుజరాత్, మహారాష్ట్ర బజారులలో నేటికీ ఒక గౌరవం. సూరత్ నుంచి 1730ల దశకంలో బొంబాయి తరలివెళ్ళిన లవ్‌జీ నసర్వాన్‌జీ వాడియా వంశంవారు టేకుతో ఓడలు కట్టి పేరు పొందారు. వారి నిర్వహణలో బొంబాయిలో 1817లో నీటిలోకి దింపిన "ట్రింకోమలీ" అనే యుద్ధనౌక ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో నీటి మీద తేలుతూనే ఉన్నది. రెండు శతాబ్దాలు ఉప్పునీటిలో ఉన్న కర్ర!

అయితే ఓడకు వాడిన టేకు, ఈనాడు కోతమిల్లులో "టేకు" అని అమ్మే కర్ర ఒకటి కావు. టేకు బలమంతా చేవలో ఉన్నది. చెట్టు నడుమనుండే ముదురు రంగు భాగంలోని నూనెలు, ఇతర పదార్థాలు చెదలకు గిట్టవు. చుట్టూ ఉండే తెల్లటి భాగానికి ఆ గుణం లేదు. టేకు పేరు పెట్టుకొన్నంత మాత్రాన చెద దానిని వదలదు. తొందరపడి నరికిన లేత చెట్టులో తెలుపు ఎక్కువ, చేవ తక్కువ. అందుచేత పలక ముఖం చూసి కొనకండి. ముఖానికి రంగు వేయవచ్చు. చివర చూడండి. అడ్డకోతలో తెలుపు ఎంత, ముదురు ఎంత అన్నది దాచడం కష్టం.

బీదవాడికి టేకు దొరకదా? గోడ పలకలకు టేకు అక్కరలేదు. నేలకు దగ్గరగా ఉండే గుంజలు, అడుగు దూలాలు, ఇవి మాత్రం చేవగల టేకో, నల్లమద్దో, సాలో అయి తీరాలి. నేలకు ఎడంగా, చూరు నీడలో ఉండే పలకలకు మందు పట్టించిన చవక కర్ర చాలు. కాండ్లా రేవు పక్కనున్న గాంధీధామ్ మనదేశంలో దిగుమతి కలపకు పెద్ద కేంద్రం. పైన్ అక్కడినుంచే గుజరాత్ నలుమూలలకూ చేరుతుంది. దానికోసం విదేశీ పెట్టె తెప్పించుకోనక్కరలేదు.

ఇంకొక దారి థోరో చూపించినది. గుజరాత్ పాత నగరాలలో కొయ్యతో కట్టిన పాత ఇళ్ళు విప్పుతూంటారు. వాటి దూలాలు, వాసాలు, తలుపులు పాత కలప దుకాణాలకు చేరుతాయి. ముప్ఫై నలభై ఏళ్ళు ఇంటి లోపల ఆరిన కర్ర ఇక కుదించుకుపోయేది దాదాపు ఏమీ ఉండదు. పాత మేకుల రంధ్రాలు ఉంటాయి, నిజమే. రంపానికి అవి తగిలితే పళ్ళు పోతాయని కోతమిల్లువాళ్ళు గొణుగుతారు కూడా. పుచ్చు రంధ్రాలు, సన్నని పొడి రాలుతున్నదేమో చూసి, మెటికతో కొట్టి చప్పుడు విని కొనాలి. గట్టికర్ర ఖంగుమంటుంది. లోపల డొల్ల అయితే బొత్తిగా వేరే చప్పుడు. మన పెద్దాయన నన్ను వెంటబెట్టుకొని అటువంటి దుకాణంలో ఒక పూటంతా దూలాలను కొడుతూ తిరిగాడు. దుకాణదారు విసుక్కొన్నా లెక్కచేయలేదు. కొత్త టేకైనా, పాత టేకైనా బిల్లు తీసుకోవడం మరువకండి. అడవి నుంచి వచ్చే టేకు రవాణాకు అటవీశాఖ అనుమతి ఉండాలి. చవకగా, కాగితం లేకుండా ఇస్తామన్న కర్రకు దూరంగా ఉండటం మంచిది.

నీటి గుర్తు

తాపీనది సూరత్‌ను ఎన్నోసార్లు ముంచింది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి విడిచిన నీటితో నగరంలో అధికభాగం మునిగింది. లింబాయత్ వైపు మీఠీ ఖాడీ అనే వాగు పొంగినా వీధుల్లోకి నీళ్ళు వస్తాయి. నవాగామ్‌లో గాని, మరే పల్లపు పేటలో గాని కొయ్యగది పెట్టదలచినవారు కేటలాగు కంటె ముందు పొరుగువారి గోడ చూడాలి. వరదనీరు ఎంతవరకు వచ్చిందో పాతకాపులు చెయ్యిపెట్టి చూపిస్తారు. గది నేల ఆ గుర్తుకు పైన ఉండగలిగితే ఉండాలి. అంత ఎత్తు సాధ్యం కాకపోతే, ఏటా వచ్చే వాననీటికైనా పైన ఉండాలి.

కేటలాగులోని గదులను చదునుచేసిన నేల మీదనో, కాంక్రీటు పలక మీదనో పెట్టమంటారు. మన నేలకు అది సరిపడదు. నేలను తాకిన కర్ర తేమ పీలుస్తుంది. కర్రలో తేమ ఐదోవంతు దాటితే బూజుకు, కుళ్ళుకు అనువు. చెదలు కూడా నేలలోనుంచే మట్టి గూళ్ళు కట్టుకొంటూ పైకి పాకుతాయి. మనవాళ్ళు దీనికి ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. జొన్నచేనిలో మంచె చూడండి. నాలుగు గుంజల మీద, గాలి కిందుగా పోయేటట్లు, మనిషి ఎత్తులో ఒక చిన్న గది. అస్సాంలో బ్రహ్మపుత్ర ఒడ్డున నివసించే మీసింగ్ ప్రజల ఇళ్ళు కూడా కాళ్ళ మీద నిలిచినవే. పెరటి గదికి అంత ఎత్తు అక్కరలేకపోవచ్చు. రెండడుగులో, మూడడుగులో లేపిన రాతి కూసాల మీదనో, కాంక్రీటు దిమ్మల మీదనో అడుగు దూలాలు ఆనించాలి. దిమ్మకు, దూలానికి మధ్య అంచులు కిందికి వంచిన రేకు టోపీ ఒకటి పెడితే, చెదలు ఆ అంచు దాటడానికి బయటికి రావలసి వస్తుంది. అప్పుడు వాటి మట్టిగూడు మన కంటబడుతుంది. కింద వంగి చూసేందుకు చోటు ఉండటమే ఆ ఎత్తుకు మరొక ప్రయోజనం.

సూరత్ ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే నేల. బరువైన ఇళ్ళకోసం రూర్కీలోని కేంద్ర గృహనిర్మాణ పరిశోధన సంస్థవారు ఈ నేలకు తగిన, అడుగున ఉబ్బెత్తుగా ఉండే ప్రత్యేకమైన పునాది స్తంభాలు రూపొందించారు. పెరటి గదికి అంత వ్యయం దండగ. తేలిక గదిలో ఉన్న సుగుణం ఏమంటే, ఏ దిమ్మ అయినా కాస్త కుంగితే, జాకీతో ఆ మూల ఎత్తి చిన్న చెక్క దూర్చి సరిచేయవచ్చు. ఇటుక గదికి ఆ వీలు ఎక్కడిది?

కాని తేలికకు ఒక ప్రమాదం ఉన్నది. కర్ర నీటిలో తేలుతుంది! వరద దూలం దాకా వస్తే గది మొత్తం పడవలా లేచి పక్కింటి గోడకు గుద్దుకొనవచ్చు. అందుకని దిమ్మలో ముందే పాతిన ఇనుప బద్దలకు దూలాలను బోల్టులతో బిగించాలి. పెనుగాలికీ అదే రక్ష. కేటలాగు పెట్టెలో ఈ బద్దలు లేవు. విడిగా కొనుక్కోవాలని రాసి ఉన్నది.

పైకప్పు సంగతి పొడుగ్గా చెప్పనక్కరలేదు. చూరు రెండడుగులు బయటికి రావాలి. నైరుతి వాన ఏటవాలుగా కొడుతుంది కాబట్టి తలుపు ఉత్తరానికో, తూర్పుకో పెట్టాలి. వాలు బాగా ఉండాలి. పెంకు అయితే వేడి తక్కువ, వాన చప్పుడూ తక్కువ. ఒట్టి రేకు వేస్తే జూలైలో పిల్లకు తన గొంతే వినపడదు. మేడమీద పెట్టుకొంటామనేవారు గాలి తాకిడి గురించి ఇంజనీరును అడగక తప్పదు. నేల మీదనైనా, మేడమీదనైనా, తరలించగల గదే గదా అని అనుమతి మాట ఎత్తకుండా ఊరుకోవద్దు. నగరపాలక సంస్థ వార్డు కార్యాలయంలో ముందే అడిగి, పొరుగువారి సరిహద్దుకు వదలవలసిన ఖాళీ ఎంతో రాయించుకోవాలి.

ఇక నిప్పు. 1837లో సూరత్‌లో చెలరేగిన అగ్నిప్రమాదంలో వేలకొద్దీ ఇళ్ళు కాలిపోయాయి. కొయ్య ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకొని ఉండటమే అందుకు ముఖ్య కారణం. అదే ఏడాది వరద కూడా వచ్చింది. పెరటి కొయ్యగదిలో పొయ్యి వద్దు, దేవుడి దీపం వద్దు, ఇస్త్రీపెట్టె వద్దు. కరెంటు తీగలను గొట్టంలో నడిపించి, ఇంటి మీటల పలక దగ్గర దానికొక విడి మీట పెట్టించాలి. వెంటనే తెరుచుకొనే కిటికీ ఒకటి, తలుపుకు ఎదురుగోడలో ఉండాలి.

పెద్దాయన కేటలాగు తిరిగి ఇచ్చివేశాడు. నాలుగు పాత టేకు దూలాలు, ఆరు గుంజలు, మందు పట్టించిన పైన్ పలకలు, పాత ఇంటి తలుపు ఒకటి, వీటన్నిటికీ వడ్రంగి కూలీ కలిపి లెక్కవేస్తే పెట్టె ధరలో సగానికి కాస్త అటూ ఇటూగా తేలింది. గది కొలత ఎనిమిది అడుగులు, పది అడుగులు. కిటికీ మాత్రం మగ్గాల షెడ్డుకు ఎదురుగా కాక బొప్పాయి చెట్టువైపు పెట్టాలని మనుమరాలు పట్టుపట్టింది. అటువైపు పడమర, సాయంకాలపు ఎండ నేరుగా పడుతుందని నేనన్నాను. "పడనీయుండ్రి. చప్పుడు లేకుంటే చాలు" అన్నది ఆ పిల్ల. కిటికీ మీద అడుగున్నర వెడల్పు గల చెక్క తలాపు ఒకటి కలిపి లెక్క మళ్ళీ వేశాం.

గది నిలిచిన తరువాత చేయవలసినవి ఏటా రెండు పూటల పని. మే నెలాఖరులో, తొలి వానకు ముందు, దిమ్మల మధ్యకు వంగి రేకు టోపీల అంచులు చూడాలి. పెన్సిలు మందాన మట్టిగూడు కనిపిస్తే గీకివేసి, నేలకు చెదమందు వేయించాలి. బయటి గోడలకు రెండు మూడేళ్ళకొకసారి నూనెరంగో, కర్రనూనెనో పూయాలి. అక్టోబరులో వాన వెలిసినాక అడుగు దూలాలకు నాలుగుచోట్ల సన్న స్క్రూడ్రైవరు మొన గుచ్చి చూడాలి. మొన గట్టిగా ఆగితే మంచిది. మెత్తగా దిగితే ఆ ఒక్క దూలం మార్చుకోవాలి. కూసాల మీద ఆనించిన గది కాబట్టి, ఒక పగటిపనితో దానిని మార్చవచ్చు.